కారు ముందు డబ్బా

"ఖర్చేముందిరా కోటేషూ, ఫోను ఛార్జింగు పెట్టినట్టే. సాయంత్రం గుచ్చితే పొద్దుటికి నిండుద్ది. పెట్రోలు కారప్పుడు కిలోమీటరుకి ఏడు రూపాయలు వదిలేవి. ఇప్పుడు ఊరికే తిరుగుతున్నా."

మా ఆయన గఫూర్ ఈ మాట అంటున్నప్పుడు నేను మర తొట్టిలో మిరపకాయలు పోస్తున్నాను. ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకుని ఉన్నాను కాబట్టి నా మొహం ఎవరికీ కనపడలేదు. కారం మిల్లులో అదొక సుఖం. పళ్ళు నూరినా తెలియదు, కళ్ళవెంట నీళ్ళు కారినా ఘాటు వల్లే అనుకుంటారు. కోటేష్ మా వీధి చివర సుబ్బరావమ్మ పిన్ని కొడుకు. వాడు కూడా కరెంటు కారు కొందామా, పెట్రోలు కారు కొందామా అని ఊగుతున్నాడు. అలా ఊగేవాళ్ళు ఎవరు దొరికినా మా ఆయనకి పండగే. టీ కొట్టు దగ్గర, మసీదు మెట్ల మీద, ఎవరింటి వలీమా విందులోనో బిర్యానీ ముందు కూర్చుని కూడా ఆ లెక్కే చెబుతాడు. పెట్రోలుకి ఇంత, కరెంటుకి సున్నా. ఆ సున్నా నా మర పక్కనున్న గోడ ప్లగ్గులోంచి వస్తోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన సంగతని ఆయనకి తట్టలేదు.

మాది ప్రత్తిపాడు. ఇంటి ముందు వీధివైపుకి ఉన్న రేకుల షెడ్డులో నా కారం మర ఉంది. పెళ్ళైన కొత్తలో ఆ షెడ్డులో మా అత్తమ్మ నసీమున్నీసా గారి గేదె ఉండేది. గేదె పోయాక ఊరికే పడి ఉంటే, పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఒక పాత మర, మోటారు కొని పెట్టాను. కరెంటు మీటరు ఎవరి పేరు మీద పెట్టాలని అడిగితే, "నా పేరు మీదొద్దు, రేపు మునిగితే నన్ను లాగుతారు" అన్నాడు మా ఆయన. అందుకని షేక్ సఫూరా అని నా పేరు మీదే వచ్చింది. మర మునగలేదు. కొత్తకాయ కల్లాల మీద ఎండి ఇళ్ళకి చేరగానే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి నా దగ్గరికే వస్తారు. పిల్లల ఫీజులు, అత్తమ్మ మోకాళ్ళ మందులు, ఇంటి సరుకులు ఆ మర మీదే వెళ్ళిపోతున్నాయి.

మర దగ్గర ఎవరూ నిలబడరు. పొయ్యి మీద అన్నం, ఉయ్యాల్లో పిల్ల, పొలంలో కూలీలు, ఇన్ని వదిలేసి వచ్చి నిలబడే తీరిక ఏ ఆడదానికి ఉంటుంది? కాయల డబ్బా తెచ్చి వరుసలో పెట్టి పోతారు. గుర్తుకి మూత మీద ఒకరు చింతపండు ముద్ద పెడతారు, ఒకరు పాత చీర పీలిక కడతారు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని జరపడమంటే ఆ మనిషిని జుట్టు పట్టి పక్కకి లాగినంత తప్పు. ప్రెసిడెంటు గారింటి డబ్బా అయినా వెనకొస్తే వెనకే. నేను పెట్టిన నియమం కాదిది, ఏ ఊళ్ళో మర దగ్గరైనా ఇంతే. ఒక్క మా కారుకే వరుస లేదు.

మా ఆయన పురుగుమందుల కంపెనీ తరఫున పర్చూరు నుంచి గుంటూరు దాకా ఊరూరూ తిరుగుతాడు. తిరిగినందుకు కంపెనీ కిలోమీటరుకింత అని లెక్కకట్టి ఇస్తుంది. పెట్రోలు తాగే కారైనా అంతే, తాగని కారైనా అంతే. పెట్రోలు కారు ఉన్నన్నాళ్ళూ ఆ కారు ఎక్కడికి కదిలినా దాని ఖర్చు మా ఇంట్లో అందరికీ తెలిసేది. బంకులో ఎంత కొట్టించాడో ఇంటికొచ్చి చెప్పేవాడు. తాడేపల్లిలో మా అమ్మకి కంటి ఆపరేషను అయినప్పుడు, ఒక్కసారి కారులో తీసుకెళ్ళండి, చూసొస్తాను అని అడిగాను. "పెట్రోలేమన్నా నీళ్ళా సఫూరా? బస్సుంది కదా" అన్నాడు. నిజమే, బస్సుంది. కారం డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుంటూరులో బస్సు మారి వెళ్ళాను. కరెంటు కారు వచ్చాక మళ్ళీ అడిగాను, ఇప్పుడు ఊరికే తిరుగుతోందన్నారు కదా అని. "తాడేపల్లి పోయొస్తే ఛార్జింగు దిగిపోద్ది. పొద్దున్నే పర్చూరు పోవాలి, మధ్యలో ఆగిపోతే ఎవడు తోస్తాడు?" అన్నాడు. మా అమ్మ దగ్గరికి వెళ్ళాలంటే పెట్రోలు ప్రియం, కరెంటు చాలదు. ఊరంతా ఆ రెండు కార్లకీ తేడా చెప్పుకుంటుంటే, నాకు మాత్రం ఏ తేడా కనపడలేదు.

కారు కొన్న వారంలో షోరూము నుంచి ఒకతను ప్లగ్గు బిగించడానికి వచ్చాడు. ఇంట్లో వైర్లు పాతవి, ఈ బరువు మొయ్యవు అన్నాడు. మరకి ఉన్న లైను గట్టిది, అక్కడే పెట్టుకోండి అన్నాడు. నేను అప్పుడు వాళ్ళిద్దరికీ టీ కలుపుతున్నాను. టీ తీసుకొచ్చేసరికి నా మర స్విచ్చు పక్కనే గోడకి కన్నం పడిపోయింది. నా మిరపకాయల గోతాలు వసారాలోకి చేరాయి. "మరేం చేద్దాం అని నన్నొక మాట అడగొచ్చు కదండీ" అన్నాను. "ఒక ప్లగ్గు పెట్టుకోడానికి అడగడమేంది?" అన్నాడు. షోరూమతను నవ్వాడు.

అప్పటినుంచి కారు తీగ గుచ్చిన సాయంత్రాల్లో నా మోటారు మూలగడం మొదలుపెట్టింది. రెండూ కలిస్తే ఫ్యూజు పోయేది. పోయినప్పుడల్లా ఆగాల్సింది నేనే. "కాసేపు ఆపవే, పొద్దున్నే పోవాలి" అనేవాడు. సుబ్బరావమ్మ పిన్ని తన డబ్బా చూసుకుని వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసుకుని, "నా డబ్బా ముందు ఎవరిదీ లేదు కదే అమ్మాయ్, ఇంకా పట్టలేదేంటి?" అనేది. కారు ఉంది పిన్నీ అనలేక, మోటారు వేడెక్కిందని చెప్పేదాన్ని.

ఇక బిల్లు. నెలనెలా పెరుగుతూ వచ్చింది. మా ఆయన అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ సంగతే. "ఏడాది తిరిగినా నీ మరకి మిగిలేదేముంది? కరెంటోళ్ళకి కట్టడానికే సరిపోతుంది" అనేవాడు. అత్తమ్మ అందుకునేవారు. "మగాడు చూడు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఊళ్ళు తిరిగొస్తున్నాడు. నువ్వు కూర్చున్న చోటే కరెంటు నీళ్ళలా పోస్తున్నావు. ఇల్లంతా దగ్గు ఒకటి అదనం." నేను సిగ్గుపడ్డాను. నిజంగానే సిగ్గుపడ్డాను, తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. మర దగ్గర లైటు వెయ్యడం మానేశాను. వెలుతురు ఉండగానే జల్లెడ పట్టుకునేదాన్ని. రేకుల కింద ఏప్రిల్ ఎండలో, మిరపఘాటులో, ఫ్యాను కట్టేసుకుని కూర్చున్నాను. చేతులకి ఆముదం రాసుకున్నా మంట ఆగక చల్లటి మజ్జిగలో ముంచుకుంటూ, ఈ నెలైనా కాస్త తగ్గించాలి అనుకున్నాను. నా పక్కనే, గోడ దగ్గర, కారు కడుపునిండా తాగుతూ ఉండేది. దాన్ని నేనే నీళ్ళు పోసి కడిగేదాన్ని కూడా.

మొన్న వానాకాలంలో మర లోపలి ఇరుసు విరిగింది. గుంటూరు పంపిస్తే బాగై వచ్చేసరికి నెల దాటింది. ఆ నెలంతా మోటారు స్విచ్చు ముట్టుకోలేదు. అయినా బిల్లు మామూలులో సగానికి పైగానే వచ్చింది. బిల్లు కొట్టే అతను బెల్టు లేని మోటారుని చూడకుండానే, "మిల్లు జోరుగా నడుస్తున్నట్టుందమ్మా" అన్నాడు. నేను మోటారు వైపు చూశాను, కారు వైపు చూశాను. నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే అతను కంగారుపడి, మంచినీళ్ళేమైనా కావాలా అమ్మా అని నన్నే అడిగాడు.

ఆ సాయంత్రం మా ఆయనకి అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"ఏవండీ, బిల్లు లేపుతోంది మర కాదు. మీ కారు."

"నా కారేంది? మన కారు. నేను తిరిగేది ఎవరికోసం? ఈ ఇంటి కోసమేగా."

"సరే, మన కారు. మరి మర?"

"మర నీది" అన్నాడు, ఆలోచించకుండానే. అని, పప్పు ఇంకొంచెం వెయ్యమన్నాడు.

నేను పప్పు వేశాను. ఆయన మోసం చేస్తున్నాడని తేలితే పోట్లాడి ఉండేదాన్ని. మోసం లేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. ఆయన నిజంగా అలాగే అనుకుంటున్నాడు. బంకులో తన చేత్తో డబ్బులిస్తే అది ఖర్చు. గోడలోంచి వచ్చేదానికి ఖర్చేముంది? పొద్దున్నే స్టీలు క్యారేజీలో అన్నం వచ్చి చేతికందుతుంది, అదెవరి ఖర్చు? పురుగుమందు వాసన కొట్టే చొక్కాలు రెండు పూటలు నానబెట్టి ఉతికితే తెల్లగా మేకుకి వేలాడతాయి. ఆయన అక్కచెల్లెళ్ళ ఇళ్ళకి ఏడాది కారం, తొడిమలు తీసి, ఎండబెట్టి, పట్టి, జల్లించి, సంచుల్లో కట్టి నేనే పంపుతాను. "మనింట్లోనే మరుంది కదా, ఊరికే" అంటాడు వాళ్ళతో. ఈ ఇంట్లో ఊరికే అన్నవాటినన్నిటినీ పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ వెళితే చివర ఉండేది నేనే. నేనూ ఆ గోడలో ఒక ప్లగ్గుని. ఎవరికి అవసరమైతే వాళ్ళొచ్చి గుచ్చుకుంటారు, బిల్లు మాత్రం షేక్ సఫూరాకి వస్తుంది. నా పని వల్ల ఎవరికి లాభమైనా అది మనది, ఎక్కడ నష్టం వచ్చినా అది నాది. ఇంతకాలం ఈ లెక్క నాకెందుకు తెలియలేదా అని ఆ రోజు గిన్నెలు తోముతూ చాలాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత తిట్టుకోవడం ఆపేశాను. తిట్టాల్సింది నన్ను కాదు కదా.

ఈ సీజను మొదలయ్యాక ఒక గురువారం ఆయన మామూలుగా చెప్పినట్టే చెప్పాడు. "పర్చూరులో పాత మోటార్లు కొనే మీరా హుస్సేన్ ఉన్నాడు కదా, రేపు జుమ్మా నమాజు అయ్యాక వస్తాడు. మర చూపించు. నష్టాలొచ్చేదాన్ని ఎన్నాళ్ళు లాగుతావు? షెడ్డు కారుకి పనికొస్తుంది."

"అమ్ముతానని నేనన్నానా?"

"నేనన్నానుగా."

అత్తమ్మ మంచం మీంచి, "పోనీవే, హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు" అన్నారు. ఆ ఇంట్లో నేను హాయిగా కూర్చున్న రోజొకటి ఆవిడకి గుర్తుంటే చెప్పమని అడగాలనిపించింది. అడగలేదు. షెడ్డులోకి వెళ్ళాను. కారుకి తీగ గుచ్చి ఉంది. స్విచ్చు కట్టేసి, తీగ పీకి, చుట్ట చుట్టి నా జల్లెళ్ళ పక్కన మేకుకి తగిలించాను. భయం వేసింది. కానీ మళ్ళీ గుచ్చడానికి చెయ్యి రాలేదు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నానికి డబ్బాల వరుస షెడ్డు దాటి వీధిలోకి వెళ్ళింది. సుబ్బరావమ్మ పిన్ని డబ్బా చివరనుంది. ఈసారి తనూ వచ్చి కూర్చుంది, కోటేష్ మోసుకొచ్చాడు కాబట్టి వాడూ ఉన్నాడు. నమాజు నుంచి మా ఆయన మీరా హుస్సేన్ గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనకి మర చూపించి, తను పర్చూరు వెళ్ళే తొందరలో కారు తలుపు తీశాడు. తీసి, అలాగే నిలబడ్డాడు.

"ఏందిది? ఛార్జింగు ఎక్కలేదే? ప్లగ్గెవరు పీకారు?"

నేను మోటారు ఆపాను. ఆపితేనే నా మాట వినపడుతుంది. మూతి గుడ్డ కిందికి లాగాను.

"నేనే."

"ఎందుకు?"

"వరుసలో మీ డబ్బా లేదు."

ఎవరో నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. "పిచ్చిదానిలా మాట్లాడకు. పదిమందిలో. నేను ఇంటాయన్ని."

"ఇంటాయన ఇంట్లో అండీ. ఇక్కడ వరుస."

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చేశారు. "అయ్యో అయ్యో, మొగుణ్ణి వరుసలో నిలబెడతావా?"

"నిలబడక్కర్లేదు అత్తమ్మా. డబ్బా పెట్టి పోతే చాలు."

అప్పుడు కోటేష్ కాస్త మొహమాటంగా, "వదినా, అయితే ఖర్చు అవుతుందా? అన్న ఊరికే అన్నాడు" అన్నాడు. పాపం వాడు కొనాలా వద్దా అన్న దిగుల్లో ఉన్నాడు. వాడికి అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు.

"అవుతుంది కోటేషూ. మర ఆగిన నెల నేను చూసుకున్నాను. పెట్రోలుకి ఏడు రూపాయలయ్యే చోట దీనికి రూపాయిన్నర అవుతుంది. చవకే. మంచి కారు, కొనుక్కో. కానీ చవక వేరు, ఊరికే వేరు. మీ అన్న రూపాయిన్నర కూడా కట్టలేదు, నేను కట్టాను. దాంతో మర నష్టాల్లో ఉందని ఇవాళ అమ్మకానికి పెట్టాడు. నువ్వు కొంటే ముందు చూసుకో, ఆ తీగ ఎవరి మీటర్లో గుచ్చుతున్నావో. మీ అమ్మ మీటర్లో అయితే మీ అమ్మకివ్వు."

"విన్నావట్రా?" అంది సుబ్బరావమ్మ పిన్ని కొడుకుతో. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "అయితే పోయిన ఏడు నా డబ్బా పొద్దుగూకేదాకా పడుంది నీ కారు వల్లా? మోటారు వేడెక్కిందన్నదే ఈ పిచ్చిది!"

అంతలో మీరా హుస్సేన్ గారు మర చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, వీధిలోకి ఉన్న డబ్బాల వరుస చూసి, నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు అమ్ముతున్నారా?"

ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన.

"లేదండీ."

"గఫూర్, నడిచే మరని నడవదని చెప్పి నన్ను ఇంత దూరం తిప్పావే" అని చిన్నబుచ్చుకుని, సుబ్బరావమ్మ పిన్ని ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నేను గుడ్డ పైకి లాక్కుని మోటారు వేశాను. ఇక ఎవరేమన్నా వినపడదు. ఓరకంట చూస్తూనే ఉన్నాను. మా ఆయన కాసేపు కారుకి ఆనుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్ళాడు. అత్తమ్మతో ఏదో అన్నాడు, ఆవిడ ఏదో అన్నారు. తర్వాత చేతిలో తన క్యారేజీ డబ్బాతో బయటికొచ్చాడు. పొద్దున నేను తోమి బోర్లించినదే. దాన్ని తెచ్చి సుబ్బరావమ్మ పిన్ని డబ్బాకి ముందు పెట్టాడు. పిన్ని దాన్ని తీసి తన వెనక పెట్టి, ఎవరిదో మర్చిపోకుండా మూత మీద ఒక ఎండుమిరపకాయ గుర్తు ఉంచింది.

ఆయన వంతు వచ్చేసరికి ఎండ వీధి దాటిపోయింది. మర ఆపి, చేతులు తుడుచుకుని, తీగ మేకు మీంచి తీశాను. మెత్తగా పట్టనా, బరకగా పట్టనా అని అందర్నీ అడిగినట్టే అడిగాను.

"పర్చూరుకి సరిపడా పెట్టనా, నిండా పెట్టనా?"

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నవ్వుతున్నానేమో అని వెతికినట్టున్నాడు. నేను నవ్వలేదు.

"నిండా" అన్నాడు.

"మర డబ్బులు ముందే ఇవ్వాలి."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు నా అరచెయ్యి ఆయన కంటబడింది. సీజనంతా అది ఎర్రగా పొక్కే ఉంటుంది. "ఆముదం రాసుకోకపోయావా?" అన్నాడు మెల్లిగా. రాసుకున్నానండీ, రోజూ రాసుకుంటాను అన్నాను. డబ్బులు అందరి డబ్బులూ వేసే పెట్టెలోనే వేశాను. తీగ గుచ్చాను. ఫ్యాను వేసుకుని దాని కింద కూర్చుని, చెమట ఆరేదాకా లేవలేదు.

తర్వాత ఇంట్లోకి వెళ్ళి మా అమ్మ కోసం పట్టి ఉంచిన కారం డబ్బా తెచ్చాను. పోయినసారి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిన డబ్బానే. మూతకి నా పాత ఓణీ పీలిక కట్టాను, గుర్తుకి. తీసుకెళ్ళి కారు ముందు, చక్రానికి ఎదురుగా, నేల మీద పెట్టాను.

"ఇదేంది?" అన్నాడు మా ఆయన.

"ఆదివారం తాడేపల్లి. మీ కిలోమీటరు రేటెంతో చెప్పండి, ముందే ఇస్తాను."

ఆయన అటూ ఇటూ చూశాడు. కారు ముందు ఇంకెవరి డబ్బా లేదు. వంతు నాదే.